నోటికో కోత, బుద్ధికో కోత

అమ్మాయ్,

నిన్న రాత్రి ఫోనులో నీ గొంతు వాడిపోయి ఉంది. వచ్చే నెల ఫ్రాన్సు నుంచి కాఫీ రుచి చూసేవాళ్లు వస్తున్నారనీ, బల్ల దగ్గర నిలబడి వాళ్ల భాషలోనే నాలుగు మాటలు చెప్పే పని నీకు అప్పగించారనీ సంబరంగా మొదలుపెట్టావు. చివరికొచ్చేసరికి, "మామూలు మాటలు వస్తున్నాయి తాతయ్యా, ఆ సైన్సు మాటలే కొరుకుడు పడటం లేదు, సగంలో ఊపిరి అయిపోతోంది" అన్నావు. క్లాసులో నువ్వలా ఆగిపోతే ఎవరో నవ్వారని కూడా చెప్పావు. ఆ నవ్విన మనిషిని ఈ పూటకి మరిచిపో. నీ నోట్లో ఆగిపోయిన మాటల గురించే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే గాలికి పోతుంది, కాగితం మీదైతే పదిసార్లు చూసుకుంటావు.

నేను యానాం వాణ్ణని నీకు తెలుసు. మా ఊరు 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉండేది. చట్టప్రకారం అప్పగింత 1962 ఆగస్టు 16న పూర్తయింది. మా నాన్నగారు ఫ్రెంచి బళ్లో చదువుకున్నారు. ఆ భాష నాకు నేర్పింది ఆయనే, అదీ మందుసీసాల మీద కాగితాలు చదివించి. ఆ తరవాత మలేరియా లేబరేటరీ ఉద్యోగంలో మీ కొండలెక్కాను. రక్తపూతకి జేఎస్‌బీ రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద ఉంగరంలాంటి పురుగు కోసం వెతకడంలోనే నా కళ్లు అరిగిపోయాయి. కాబట్టి నేను చెప్పే ఉదాహరణల్లో సగం జ్వరం మాటలే ఉంటాయి. నీ కాఫీ మాటలకీ అదే లెక్క పనిచేస్తుంది.

మన అరకు స్టేషన్లో నిలబడి కిరండూల్ నుంచి ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సు బండిని చూసేదానివి కదా చిన్నప్పుడు. పెట్టెకీ పెట్టెకీ మధ్య కొక్కేలు కంటికి కనపడేవి. చెవికి మాత్రం కొక్కెం వినపడదు, పట్టాల అతుకుల మీద చక్రాలు వేసే దరువే వినపడుతుంది. ఆ రెండూ ఒకటి కావు. పొడుగాటి సైన్సు మాట కూడా అంతే. గ్రీకు ముక్కా లాటిన్ ముక్కా కలిపిన చోటు కొక్కెం, నోరు పలికే దరువు వేరు. నువ్వు ఊపిరి పోగొట్టుకుంటున్నది కొక్కెం దగ్గర ఆగి, మళ్లీ కదలబోయి. పలికేటప్పుడు దరువు మీద నడు. అర్థం కావాలంటే కొక్కేలు చూడు. నోటికో కోత, బుద్ధికో కోత.

నోటి కోత ముందు చెబుతాను. అది నీకు తెలియనిది కాదు, బళ్లో తెలుగు మాస్టారు 'యమాతారాజభానసలగం' అని వల్లె వేయించినప్పుడే వచ్చేసింది. 'ధర్మం' అని రాస్తే 'ర్మ' ఒకే అక్షరంలా కనపడుతుంది. అయినా 'ధ' గురువు ఎందుకైంది? నోరు దాన్ని 'ధర్-మం' అని విరుస్తోంది కాబట్టి. ఫ్రెంచివాళ్లూ అంతే: రెండు అచ్చుల మధ్య ఒక్క హల్లుంటే అది తరవాతి అచ్చుతో పోతుంది. రెండు హల్లులుంటే ఒకటి ముందు అచ్చుని మూస్తుంది, రెండోది తరవాతి అచ్చుని మొదలుపెడుతుంది. అయితే రెండో హల్లు ర గానీ ల గానీ అయితే, మామూలుగా రెండూ కలిసే తరవాతి అచ్చుతో పోతాయి. దీనికీ మన ఛందస్సులో పోలిక ఉంది. 'అద్రుచు', 'విద్రుచు' లాంటి మాటల్లో ర-వత్తుని తేల్చి పలికితే ముందు అక్షరం లఘువుగానే ఉండిపోతుందని చెబుతారు. ఫ్రెంచివాడు ఎప్పుడూ అలా తేల్చే పలుకుతాడనుకో.

కరోనా రోజుల్లో ఊరూరా మోగిన హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకో. ఫ్రెంచిలో మొదటి హ మూగది. ఇ-ద్రోక్-సి-క్లో-రో-కీన్. ఆరే దెబ్బలు. 'ద్ర' విడిపోలేదు, 'క్ల' విడిపోలేదు, 'క్స' మాత్రం విడిపోయింది. ఇప్పుడు నేను నీకు కొత్తగా చెప్పిందేమైనా ఉందా?

మా నాన్నగారు ఇంకో కిటుకు చెప్పేవారు. పెద్ద మాటని తోక దగ్గర నుంచి పట్టుకోమనేవారు. డీడీటీ అని మనం మూడక్షరాల్లో తేల్చేస్తాం. 1953లో దేశమంతటా మలేరియా మీద పోరు మొదలైనప్పుడు ఇళ్ల గోడల మీద కొట్టిన మందది. దాని పూర్తి పేరు ఫ్రెంచిలో పదకొండు దెబ్బలు. తోక నుంచి కూడబలుక్కో: తాన్. ఏ-తాన్. క్లో-రో-ఏ-తాన్. త్రీ-క్లో-రో-ఏ-తాన్. ఫే-నీల్-త్రీ-క్లో-రో-ఏ-తాన్. చివరికి దీ-క్లో-రో-దీ-ఫే-నీల్-త్రీ-క్లో-రో-ఏ-తాన్. ఇలా తిప్పి నేర్చుకోవడానికి గట్టి కారణమే ఉంది. ఇంగ్లీషు ఒక మాటలో ఎక్కడో ఒకచోట ఒత్తి మిగతావి మింగేస్తుంది. ఫ్రెంచి ఏదీ మింగదు, అన్నీ సమంగా నడిపించి చివరి దెబ్బ మీద కొంచెం ఆనుతుంది. ముందు నుంచి నేర్చుకుంటే తల గట్టిగా వచ్చి తోక నలిగిపోతుంది. తోక నుంచి నేర్చుకుంటే చివరికి చేరేసరికి నీకు బాగా అలవాటైన చోటే ఉంటావు. నేను దీర్ఘం రాశానని అక్కడ సాగదీయకు సుమా, మన గుడి దీర్ఘాలు వాళ్లకి లేవు.

ఇక అసలు సంగతికొస్తాను. ఎక్కడ విరవాలో తెలియకపోతే దరువు తప్పడంతో ఊరుకోదు, శబ్దమే మారిపోతుంది. ఇది నాకు తెలిసొచ్చిన రోజు ఇప్పటికీ గుర్తే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శిక్షణ తరగతిలో, ఫ్రెంచి వచ్చన్న గర్వంతో లేచి సింకోనా బెరడుని ఫ్రెంచిలో ఏమంటారో చెప్పాను. 'కెంకెన్నా' అన్నాను. అక్కడున్న పెద్ద డాక్టరుగారు ఏమీ అనలేదు. తరవాత నెమ్మదిగా సరిగ్గా ఒకసారి పలికి వినిపించారు. కేఁ-కి-నా. రాతలో మొదటి ముక్కలోనూ రెండో ముక్కలోనూ ఉన్నవి అవే అక్షరాలు, క్యూ, యు, ఐ, ఎన్. మొదటిచోట ఆ 'న' వెనక ఇంకో హల్లుంది, కాబట్టి 'న' ముందు అచ్చుతో ఉండిపోయి దాని ముక్కులోకి ఇంకిపోయింది. రెండోచోట వెనక అచ్చుంది, కాబట్టి 'న' లేచి వెళ్లి దానితో చేరిపోయింది. అప్పుడిక ముక్కు ఊసే లేదు. ఆ బెరడు నుంచే 1820లో పారిస్‌లో పెల్తియే, కవాంతూ అనే ఇద్దరు మందుల శాస్త్రజ్ఞులు తీసిన మందు కి-నీన్, మన క్వినైన్. అందులో రెండు 'న'లూ ఉత్త 'న'లే, ముక్కు లేదు. ఆ మరుసటి ఏడాదే, 1821లో, ఆ ఇద్దరూ కాఫీ గింజలోంచి కెఫీన్ కూడా తీశారు. నీ బల్లకీ నా మైక్రోస్కోపుకీ చుట్టరికం అక్కడే కలిసింది.

ఆ ముక్కు శబ్దాన్ని తెలుగులో రాయడానికి నేను అరసున్న పెట్టాను, చూశావా. మన నాలుక మీద అది ఏనాడో అరిగిపోయింది, వ్యాకరణంలోనూ పాత పుస్తకాల్లోనూ మిగిలింది. ఫ్రెంచి నేర్చుకునే తెలుగు పిల్లకి మాత్రం ఆ గుర్తు మళ్లీ పనికొస్తుంది. నిండు సున్న పెట్టావంటే మన నోరు ఊరుకోదు, 'క' ముందు 'ఙ'నీ 'త' ముందు 'న'నీ చేర్చేస్తుంది. ఫ్రెంచిలో ఆ హల్లు పుట్టకూడదు. అచ్చు ముక్కులో మోగాలి, వెంటనే తరవాతి హల్లు రావాలి. నువ్వు రోజూ చేసే పనుల పేర్లే పలికి చూడు. పండ్లు పల్పింగ్ చేశాక తొట్టెలో పులియబెడతారే, అది ఫెర్-మాఁ-తా-స్యోఁ. గింజ వేయించడం తో-రే-ఫాక్-స్యోఁ. రాతలో ఆ తోక 'టి-ఐ-ఓ-ఎన్' అని ఉంటుంది, 'షన్' అనబోకు.

ఆ రెండో మాటలో రాతకి ర రెండున్నాయి. అచ్చులో వరస చివర విరవాల్సి వస్తే ఆ రెండు ర-ల మధ్యే గీత పెడతారు. నోటికి మాత్రం ఒకటే ర. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా పట్టుబడతారు. మన భాషలో ద్విత్వం అర్థాన్ని మార్చేస్తుంది, 'కల' వేరు 'కల్ల' వేరు, 'గద' వేరు 'గద్ద' వేరు. అందుకే కంటికి రెండు కనపడితే నాలుక రెండూ పలుకుతుంది. కాఫీ గింజలో త్రిగోనెలీన్ అని ఒకటుంటుంది, దాని స్పెల్లింగులో ఎల్ రెండుసార్లుంది. త్రి-గో-నె-లీన్ అనే అనాలి. ఈ మాట నీకు నచ్చుతుంది. అది మొదట దొరికింది మెంతుల్లో. మెంతి మొక్క శాస్త్రనామం ట్రైగొనెల్లా, చిన్న త్రికోణం అని. గింజ వేగేటప్పుడు ఇందులో కొంత నియాసిన్ అనే విటమిన్‌గా మారుతుంది. ఫ్రాన్సువాళ్లకి ఇది చెప్పేటప్పుడు, మా ఇళ్లల్లో పులుసులో వేసే మెంతుల పేరే మీ కప్పులోనూ ఉందని చెప్పు. మెంతుల్ని వాళ్లు ఫెన్యుగ్రెక్ అంటారు.

క్లాసులో నీ నోట ఆగిపోయిన మాట క్లోరోజెనిక్ ఆమ్లం అన్నావు కదూ. క్లో-రో-జే-నీక్, నాలుగు దెబ్బలు. 'జే'ని మన 'జ'లా అంగిలికి నాలుక తాకించి కాదు, 'ష' పలుకుతూ గొంతు మోగించు. మొదట్లో సి, హెచ్ పక్కపక్కన ఉన్నాయని భయపడకు. వాటి వెనక ల, ర, న వస్తే అది ఎప్పుడూ 'క'నే. అచ్చు వస్తేనే చిక్కు: రసాయనశాస్త్రం 'షిమీ', మన గెడ్డల పక్క చెట్లమీద పూసే ఆర్కిడ్ మాత్రం 'ఓర్కిదే'. దీనికి నిలకడైన సూత్రం లేదు, ఒక్కో మాటా విని గుర్తు పెట్టుకోవడమే. ఆ ఆమ్లంలో క్లోరిన్ ఉందని మాత్రం ఎవరికీ చెప్పకు, లేదు. గ్రీకులో ఆ మొదటి ముక్కకి లేతాకుపచ్చ అని అర్థం. గాలి తగిలి మార్పు చెందితే పచ్చరంగు పుట్టిస్తుందని ఆ పేరు పెట్టారు. ఇదే బుద్ధి కోత. పలకడానికి అది అక్కర్లేదు, అబద్ధం చెప్పకుండా ఉండటానికి కావాలి.

అసలు ఈ రెండు కోతలూ ఎంత వేరో నాకు చూపించింది దోమ. మలేరియా మోసే దోమ అనాఫిలిస్. 1818లో మైగెన్ అనే జర్మన్ ఆయన పెట్టిన పేరది. 1880లో అల్జీరియాలోని కాన్‌స్టంటీన్‌లో లావ్రాఁ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తంలో మలేరియా పురుగుని చూశాడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అది దోమ కడుపులో ఉందని పట్టుకున్నాడు. సరే, ఫ్రెంచిలో దాన్ని పలుకు: ఆ-నో-ఫేల్. నోరు 'న'ని తీసుకెళ్లి 'ఓ'తో కలిపింది. కానీ పేరులో అతుకు అక్కడ లేదు. అన్ అంటే లేదు, ఓఫెలోస్ అంటే ఉపయోగం. ఉపయోగం లేనిది అని ఆ దోమ పేరు. ఇప్పుడు మన 'అనుపయోగం' పలుకు. అన్, ఉపయోగం. పలికేటప్పుడు మాత్రం అ-ను-ప-యో-గం. అతుకు 'న' తరవాత ఉంది, దరువు 'న' ముందు పడింది. 'అనర్థం'లోనూ అంతే. ఆ గ్రీకు 'అన్', మన సంస్కృతం 'అన్' ఒకే తల్లి బిడ్డలు. ఇది గమనించిన రాత్రి నేను లేబరేటరీలో ఒక్కణ్ణే ఉన్నాను, బయట వాన. ఎవరికైనా చెప్పాలని ఎంత ఆరాటపడ్డానో! ఇన్నాళ్లకి నువ్వు దొరికావు.

అతుకు తెలియకపోతే పలుకు కూడా తప్పే చోటొకటుంది, అది చెప్పి ఈ పాఠం ముగిస్తాను. రెండు అచ్చుల మధ్య ఒక్క 'స' ఉంటే ఫ్రెంచివాళ్లు దాన్ని 'జ'లా మోగిస్తారు, ఆంగ్లంలో జెడ్ ధ్వని లాగా. అయితే కాఫీ గింజలో ఉండే పాలీశాకరైడ్లని పో-లి-సా-కా-రీద్ అనే అంటారు, 'జా' అనరు. ఎందుకంటే అతుకు 'స' ముందుంది, 'స' కొత్త ముక్కకి తల. డిసిన్ఫెక్షన్ మాటలో అతుకు 'స' తరవాత ఉంది, అక్కడ దే-జేఁ-ఫెక్-స్యోఁ అవుతుంది. కొక్కెం చెవికి వినపడదన్నాను కదా, ఇలాంటి చోట్ల అది కూడా ఒకసారి కిర్రుమంటుంది.

ఇంకొక్క మాట, ఇది మన తెలుగు నోటి గురించి. మనది అజంత భాష, హల్లు మీద ఆగడం ఇష్టముండదు. బస్సుకీ కారుకీ చివర ఉకారం తగిలించేది అందుకే. 'కా-ఫే-ఈన్' అనేసి నోరు మూసుకో, 'కాఫేఈను' అనకు. అలా అని చివరి హల్లుని పట్టి బిగించనూ వద్దు. మార్సెయ్ వైపు దక్షిణాది ఫ్రెంచివాళ్లు చివర రాసే ఇ అక్షరాన్ని కొంచెం పలుకుతారు. వచ్చినవాళ్లలో అటువైపు మనిషుంటే నీ నోరు కాస్త జారినా ఇంటి మాటే విన్నట్టుంటుంది వాళ్లకి.

వాళ్ల గొంతు ర నీకు రావడం లేదని బెంగపడ్డావు. మీ నాయనమ్మ మాట్లాడే కూబిలో ర-లు రెండు. తెలుగువాళ్లం బండి ఱ-ని రాతలోనూ నోటిలోనూ పోగొట్టుకున్నాం, మీ ఇంట్లో ఆ తేడా ఇంకా బతికే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఈ అరకు ప్రాంతంలో కూబి మాట్లాడేవాళ్ల దగ్గర కూర్చుని, ఒక్కో శబ్దాన్నీ విని రాసుకుని, 1969లో ఆ భాష మీద పుస్తకం అచ్చు వేయించారు. రెండు ర-ల తేడా పుట్టుకతోనే విన్న చెవికి మూడోది ఎంతసేపు! ఇంట్లో కూబి, సంతలో ఆదివాసీ ఒరియా, బళ్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు దాటి వచ్చిన పిల్లవి. క్లాసులో నీ పక్కన కూర్చున్నవాళ్లలో ఇన్ని మెట్లు ఎక్కినవాళ్లు ఎందరున్నారు?

అరకు కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణం తెరిచింది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ ముందే వెళ్లింది, దాని వెంట వెళ్లాల్సిన మాటే ఆలస్యమైంది. అందుకే నువ్వు ఆ బల్ల దగ్గర నిలబడటం నాకు ఇంత ముఖ్యం. కాగితం చూసి చదవకు. మాట మధ్యలో తడబడితే దాని మొదటికి పరిగెత్తకు, తడబడిన దెబ్బనే ఇంకోసారి వేసి ముందుకి వెళ్లు. వాళ్లు సరిదిద్దితే మొహం చిన్నబుచ్చుకోకు, "ఇంకోసారి పలకండి" అని అడుగు. ఆ డాక్టరుగారు నాకు చేసిన మేలు అదే.

తోటలు చూపించడానికి వాళ్లని అనంతగిరి ఘాటు మీదుగా తీసుకొస్తారు కదా. దారి పక్కన ఎర్రగా, తుప్పు పట్టినట్టుండే కొండరాయి చూసి అదేమిటని ఎవరో ఒకరు అడుగుతారు. అది ఖోండలైట్. 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద, మనం కోదులంటామే, వాళ్ల పేరు మీద పెట్టిన పేరది. కోణార్క గుడి రాయి చాలామట్టుకు అదే. ఫ్రెంచిలో మూడు దెబ్బలు: కోఁ-దా-లీత్. మొదటి దెబ్బలో అరసున్న మరిచిపోకు, 'ద' ముందు 'న' రానివ్వకు. వాళ్ల పలుకులో చెప్పాక, మీ గూడెంలో ఆ మనుషుల్ని పిలిచే పలుకులో కూడా ఒకసారి చెప్పి వినిపించు.

శుక్రవారం సంత నుంచి వచ్చాక ఫోను చెయ్యి. మెంతుల మాటతో మొదలుపెట్టు, తరవాత బెరడు, ఆఖరున డీడీటీ తోక నుంచి. నాయనమ్మ పక్కనే ఉంటే ఫోను స్పీకర్లో పెట్టు, ఆవిడ ఱ నేను విని చాలా రోజులైంది.

మీ తాతయ్య